ఊరికి ప్లాను గీసే చదువు... మన అమ్మాయికి వద్దా?

"ఇంటర్ అయిపోయిందటగా, అమ్మాయిని ఎందులో చేర్పిస్తున్నారు?"

వేసవి వచ్చిందంటే చాలు... పాలబూత్ దగ్గర, పెళ్ళి పందిట్లో, డాబా మీద వడియాలు పెట్టుకునే చోట, ఎక్కడ చూసినా ఇదే ప్రశ్న. జవాబు కూడా మనకు తెలిసిందే. కంప్యూటర్స్! అందులో సీటు రాకపోతే ఇంకో ఇంజనీరింగు. అంతకు మించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు.

మొన్న వేసవిలో మా పక్కింటి వదినగారు కాస్త దిగులుగా వచ్చి కూర్చున్నారు. "మా పిల్ల ఏదో ప్లానింగట, అదే చదువుతానని పట్టుబట్టింది. నేనెప్పుడూ ఆ పేరే వినలేదు. వాళ్ళ నాన్నగారేమో ఇళ్ళ ప్లాన్లు గీసే పనికి నాలుగేళ్ళ చదువెందుకని కేకలేస్తున్నారు. మీరైనా దానికి నచ్చజెప్పండి" అన్నారు.

పిల్లని పిలిచి అడిగాను. "ఇళ్ళకి కాదత్తయ్యా, ఊళ్ళకి ప్లాను గీసే చదువు. మా స్థలం సంగతి మీకు తెలుసుగా!" అంది.

తెలియకేం! పుట్టింటివారు పెట్టిన చంద్రహారం అమ్మి, వదినగారు ఊరి చివర 150 గజాల స్థలం కొన్నారు. రంగుల కాగితం మీద కొబ్బరిచెట్లు, పార్కు, వెడల్పాటి రోడ్డు... ఎంత బాగుందో! మూడో ఏడు పెద్దవాన పడ్డాక వెళ్ళి చూస్తే మోకాలిలోతు నీళ్ళు. హద్దురాళ్ళు కూడా కనబడలేదు. అది చెరువులోకి వాననీరు దిగే దారట. ఆ సంగతి తెలిసేసరికి డబ్బు చేతులు దాటిపోయింది.

"అదంతా మ్యాపులో గీసే ఉందత్తయ్యా! కొనేముందు దాన్ని చూడాలని మనకే తెలియలేదు. ఆ మ్యాపు ఎలా గీస్తారో, ఎవరు గీస్తారో నేర్చుకోవాలని ఉంది" అందా పిల్ల.

నచ్చజెప్పబోయిన నేనే నోరు మూసుకున్నాను. ఆ తర్వాత ఈ చదువు సంగతులు నాలుగు చోట్ల వాకబు చేశాను. రేపు మీ ఇంట్లోనూ ఇలాంటి ప్రశ్నే రావచ్చు. అందుకే తెలుసుకున్నవన్నీ మీ ముందు పెడుతున్నాను.

ఊరంటే పెద్ద ఇల్లే!

ఇల్లు కట్టుకునేటప్పుడు మనం ఎన్ని ఆలోచిస్తాం! వంటింట్లోకి వెలుతురు రావాలి. గిన్నెలు తోమిన నీళ్ళు పోయేందుకు వాటం ఉండాలి. స్నానాలగది నీళ్ళు బావివైపు పోకూడదు. రేపు కోడలొస్తే ఓ గది కావాలి. ఇవన్నీ ముందే అనుకోకపోతే ఆ తర్వాత గోడలు పగలగొట్టుకోవాల్సిందే.

ఊరి సంగతీ అంతే. ఇళ్ళెక్కడ, అంగళ్ళెక్కడ, ఫ్యాక్టరీలెక్కడ, బడి ఎంత దూరంలో, వాననీళ్ళు ఎటు పోవాలి, చెత్త ఎక్కడికి చేరాలి, ఇరవై ఏళ్ళ తర్వాత జనం ఎంత పెరుగుతారు... వీటన్నిటినీ ముందే లెక్కగట్టి గీసేదే మాస్టర్ ప్లాన్. ఆ పని నేర్పే చదువే పట్టణ, ప్రాంతీయ ప్రణాళిక. వాడుకలో 'టౌన్ ప్లానింగ్' అంటారు.

'ప్రాంతీయ' అని ఎందుకు చేర్చారంటారా? ఏ ఊరూ తన హద్దుల్లోనే బతకదు కదా! హైదరాబాదునే చూడండి. అక్కడి కుళాయిల్లోకి నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీళ్ళు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు వస్తాయి. కూరగాయలూ పాలూ చుట్టుపక్కల పల్లెల నుంచి రావాలి. పనికి వచ్చేవాళ్ళు పొద్దున్నే బస్సులెక్కి రావాలి. కాబట్టి పట్నం ఒక్కటే చూస్తే చాలదు. చుట్టూ ఉన్న పల్లెలు, నదులు, రోడ్లు అన్నీ కలిపి చూడాలి. అదే ప్రాంతీయ ప్రణాళిక అన్నమాట.

మూసీ నేర్పిన పాఠం

ప్రణాళిక అంటే కాగితాల మీద గీతలే కదా అని తీసిపారేయకండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు పోయాయి. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికి బయటపడ్డారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

అప్పుడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన ఊళ్ళో గోడలెత్తమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. వరద ఊరికి చేరకముందే పైన ఆపాలన్నారు. ఆ ఆలోచన నుంచి వచ్చినవే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. వరదను ఆపడానికి కట్టిన ఆ రెండు చెరువులూ ఊరికి దశాబ్దాల తరబడి మంచినీళ్ళు ఇచ్చాయి. 1912లో నగర అభివృద్ధి బోర్డు కూడా ఏర్పడింది. ఇరుకు బస్తీల స్థానంలో గాలీవెలుతురూ ఉండే ఇళ్ళు, రోడ్లు వేయించడం దాని పని.

మరి ఆ తర్వాత ఏమైంది? 2020 అక్టోబరులో అదే హైదరాబాదులో చెరువులు నిండి కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో పేటలు రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. ఇంట్లో బియ్యం డబ్బా, ఫ్రిజ్జు, పిల్లల పుస్తకాలు అన్నీ నీటిపాలు! వాన దేవుడి చేతిలో ఉన్నదే, కాదనను. కానీ నీళ్ళు పోయే దారిలో ఇళ్ళు లేవకుండా చూడటం మనుషుల చేతిలో ఉన్న పని.

ఇంతకీ ఏం నేర్పుతారు?

ఈ డిగ్రీని బ్యాచిలర్ ఆఫ్ ప్లానింగ్ అంటారు. పొట్టిగా బి.ప్లాన్. నాలుగేళ్ళు, ఎనిమిది సెమిస్టర్లు. మ్యాపులు గీయడం, భూమి సర్వే, లెక్కలు, గణాంకాలతో పాటు అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, రవాణా, గృహనిర్మాణం, పర్యావరణం, భూమికి సంబంధించిన చట్టాలు కూడా చదవాలి. ఉపగ్రహాలు తీసిన చిత్రాలను చదవడం, కంప్యూటర్లో పొరలు పొరలుగా మ్యాపు తయారుచేసే జి.ఐ.ఎస్. పద్ధతీ నేర్పుతారు.

అన్నిటికన్నా ముఖ్యమైంది 'స్టూడియో'. ఫొటోలు తీసే స్టూడియో కాదు సుమా! పిల్లలు జట్లుగా ఏర్పడి నిజమైన ఒక పేటనో, పల్లెనో, పట్టణాన్నో తీసుకుని పనిచేసే క్లాసది. ఎండలో వీధి వీధీ తిరిగి ఏ స్థలం దేనికి వాడుతున్నారో రాసుకోవాలి. తలుపు తట్టి ఇంట్లో ఎంతమంది ఉన్నారు, నీళ్ళు ఎన్ని గంటలు వస్తాయి, పనికి ఎంత దూరం వెళతారు అని అడగాలి. ఆ వివరాలన్నీ లెక్కలుగా మార్చి, మ్యాపు మీదకెక్కించి, అప్పుడు 'ఈ ఊరికి ఇది కావాలి' అని చెప్పాలి. ఎందుకు కావాలో మాస్టార్ల ముందు వాదించి నిలబెట్టుకోవాలి కూడా!

లెక్కలెలా ఉంటాయో మచ్చుకు ఒకటి చూడండి. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్ళు ఇవ్వాలన్నది మన దేశంలో పాటించే కొలత. అంటే 15 లీటర్ల బకెట్లు తొమ్మిది. లక్షమంది ఉన్న ఊరికి రోజుకి కోటీ 35 లక్షల లీటర్లు కావాలి. అందులో దాదాపు 80 శాతం మురుగునీరుగా బయటకొస్తుందని లెక్క వేస్తారు. అంటే కోటీ 8 లక్షల లీటర్ల మురుగు ప్రతిరోజూ ఎక్కడికో అక్కడికి పోవాలి! కొత్త కాలనీ వేసేటప్పుడు ఈ లెక్క ఎవరూ వేయకపోతే అది మన గుమ్మం ముందే నిలబడుతుంది. దోమలు, జ్వరాలు, ఆసుపత్రి ఖర్చులు అన్నీ దాని వెనకాలే వస్తాయి.

మ్యాపులో రంగులకీ అర్థం ఉంది. సాధారణంగా పసుపు వేస్తే నివాసాలు, నీలం వేస్తే వ్యాపారం, ఊదా వేస్తే పరిశ్రమలు, ఎరుపు వేస్తే బడులు, ఆసుపత్రులు, ఆఫీసుల వంటివి, ఆకుపచ్చ వేస్తే పార్కులు, ఆటస్థలాలు. కొన్ని మ్యాపుల్లో తేడా ఉండొచ్చు కాబట్టి పక్కనుండే రంగుల పట్టిక చూసుకోవాలి. ముగ్గులో చుక్కలు లెక్క తప్పకుండా కలిపే మన పిల్లలకి ఇది కష్టమంటారా?

సీటు ఎలా వస్తుంది?

ఇంటర్లో లెక్కలు తప్పనిసరిగా చదివి ఉండాలి. అంటే ఎంపీసీ పిల్లలకి దారి తెరిచే ఉంది. జాతీయ స్థాయి సంస్థల్లో సీటుకి జేఈఈ మెయిన్‌లో పేపర్ 2బి రాయాలి. ఇంజనీరింగుకి రాసేది పేపర్ 1. ఇది వేరు. దరఖాస్తు నింపేటప్పుడు చాలామంది పొరపాటు పడేది ఇక్కడే! ఈ పేపర్లో లెక్కలు, ఆప్టిట్యూడ్, ప్లానింగుకి సంబంధించిన ప్రశ్నలు అని మూడు భాగాలుంటాయి. ఫిజిక్సు, కెమిస్ట్రీ ప్రశ్నపత్రాలుండవు. 2021 నుంచి జేఈఈ మెయిన్‌ని తెలుగులో కూడా రాయవచ్చు.

మనకి దగ్గరలో విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2008లో పెట్టింది. అదే ఏడాది భోపాల్లోనూ పెట్టారు. ఢిల్లీలోని సంస్థ వీటన్నిటికీ పెద్దక్క. 1955లో పట్టణ, గ్రామీణ ప్రణాళిక బడిగా మొదలైంది. హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైనార్ట్స్ విశ్వవిద్యాలయంలోనూ ప్లానింగ్ డిగ్రీ ఉంది. అక్కడ చేరే పద్ధతి వేరుగా ఉండొచ్చు కాబట్టి ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి.

ఇప్పటికే డిగ్రీ అయిపోయిన అమ్మాయిలకీ, ఆ మాటకొస్తే కోడళ్ళకీ ఎం.ప్లాన్ ఉంది. రెండేళ్ళు. ఆర్కిటెక్చర్, సివిల్ ఇంజనీరింగ్ చదివినవాళ్ళే కాదు, చాలాచోట్ల జాగ్రఫీ, ఎకనామిక్స్, సోషియాలజీలో ఎం.ఏ. చేసినవాళ్ళనీ తీసుకుంటారు. ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీల్లోనూ ప్లానింగ్ పీజీ కోర్సులున్నాయి.

ఉద్యోగాల మాటేమిటి?

అమ్మలుగా మనం ముందడిగేది ఇదే కదా! రెండువైపులా చెప్పాలి.

2021లో నీతి ఆయోగ్ మన దేశంలో పట్టణ ప్రణాళిక స్థితిపై ఓ నివేదిక ఇచ్చింది. దేశంలోని 7,933 పట్టణాల్లో దాదాపు 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదని అందులో ఉంది. రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖల్లో 12,000కు పైగా ప్లానర్లు అవసరమైతే, మంజూరైన పోస్టులు 4,000 లోపే! వాటిలోనూ సగం ఖాళీ. అంటే అవసరం కొండంత ఉంది.

అయితే అవసరం ఉన్నంత మాత్రాన కొలువు చేతికి రాదు. ప్రభుత్వ ప్రకటనలు ఏటేటా పడవు. పడ్డప్పుడు పోటీ పరీక్ష రాయాలి. మున్సిపాలిటీలు, నగరాభివృద్ధి సంస్థలు, టౌన్ ప్లానింగ్ శాఖ ఒకవైపైతే, మాస్టర్ ప్లాన్లు, మెట్రో, రవాణా సర్వేలు చేసే ప్రైవేటు కన్సల్టెన్సీలు మరోవైపు ఉన్నాయి. మొదట్లో చాలామందికి ఆసరా ఇవే.

ఇంకో మాట. బి.ప్లాన్ చదివితే ఆర్కిటెక్ట్ కారు. ఇళ్ళూ భవనాలూ డిజైన్ చేయాలని ఉన్న పిల్లలకి బి.ఆర్క్. కావాలి. అది వేరే కోర్సు, ఐదేళ్ళు. కాలేజీ ఎంచుకునేటప్పుడు దానికి గుర్తింపు ఉందో లేదో తప్పక అడగండి. ఎండలో తిరగడం, సర్వేకి కొత్త ఊళ్ళకి వెళ్ళి ఉండటం, రాత్రులు మేలుకుని మ్యాపులు గీయడం తప్పవు. ఉద్యోగంలో చేరాక 'ఈ కట్టడానికి అనుమతి లేదు' అని పెద్దవాళ్ళ ముఖం మీద చెప్పాల్సిన రోజులూ వస్తాయి. ఇవన్నీ అమ్మాయికి ముందే చెప్పండి.

ఆడవాళ్ళు గీస్తే ఏం మారుతుంది?

మన దినచర్య ఒక్కసారి చూడండి. ఆయన ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి. మనమో? పిల్లని బడిలో దింపి, రైతుబజారుకెళ్ళి, దారిలో అత్తగారి మందులు కొని, కరెంటు బిల్లు కట్టి, మళ్ళీ మధ్యాహ్నం బడికి. చేతిలో సంచి, చంకలో పిల్లాడు, చాలావరకు నడకే. రోడ్డు ఎంత వెడల్పుందన్నది కారున్నవాళ్ళకి కావాలి. మనకి కావలసింది గుంటలు లేని ఫుట్‌పాత్, వెలిగే వీధిదీపం, బస్టాండులో శుభ్రమైన మరుగుదొడ్డి. వీటిని మ్యాపులో పెట్టాలని ఎవరికి తోస్తుంది? ఆ నడక నడిచినవాళ్ళకే.

ఆస్ట్రియా దేశపు వియన్నా నగరంలో ఈ సంగతి ముందే గ్రహించారు. ఆడవాళ్ళ రోజువారీ పనులను దృష్టిలో పెట్టుకుని ఓ నివాస సముదాయాన్ని మహిళా ఆర్కిటెక్టుల చేతే గీయించారు. 1997లో పూర్తయింది. 357 ఫ్లాట్లు. పసిపిల్లల బడి, డాక్టరు, మందులషాపు ఆవరణలోనే! పిల్లల బండి పెట్టుకునేందుకు ప్రతి అంతస్తులో చోటు కూడా ఉంచారు.

అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ఆవిడ ఉండేవారు. పత్రికా రచయిత్రి, ముగ్గురు బిడ్డల తల్లి. ప్లానింగులో డిగ్రీ లేదు, అసలు ఏ డిగ్రీ లేదు. న్యూయార్కులో తన వీధిని రోజూ గమనిస్తూ, అరుగులూ అంగళ్ళూ మనుషుల రాకపోకలూ ఉంటేనే వీధి భద్రంగా ఉంటుందని 1961లో పుస్తకం రాశారు. పేటలను కూలగొట్టి పెద్ద రోడ్లు వేయడాన్ని ఇరుగుపొరుగులతో కలిసి అడ్డుకున్నారు. మొదట్లో పెద్ద పెద్ద ప్లానర్లు ఆవిడను తేలిగ్గా తీసేశారు. ఇప్పుడు ఆ పుస్తకాన్నే ప్లానింగ్ విద్యార్థులు చదువుతున్నారు! చూశారా, కిటికీలోంచి వీధిని చూసే చూపుకి ఎంత విలువుందో!

మనం చేయగలిగింది

అమ్మాయి ఈ చదువు చదివినా చదవకపోయినా, ఈ నాలుగు సంగతులూ కొంగున ముడివేసుకోండి.

* స్థలం కొనేముందు మున్సిపాలిటీలోనో, నగరాభివృద్ధి సంస్థలోనో మాస్టర్ ప్లాన్ చూడండి. సర్వే నంబరు ఏ రంగులో ఉందో అడగండి.

* దగ్గరలో చెరువుంటే, అది పూర్తిగా నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో తెలుసుకోండి. దాన్ని ఎఫ్‌టీఎల్ అంటారు. దాని బయట కూడా కొంత మేర కట్టడాలకి వీల్లేదు. కాగితాలతో పాటు ఆ ఊరి పెద్దవాళ్ళని 'వానాకాలం ఇక్కడ నీళ్ళు నిలుస్తాయా?' అని అడగడం మరవకండి.

* లేఅవుట్‌కి అనుమతి ఉందా, రెరాలో నమోదైందా అని చూడండి. బ్రోచర్లో పార్కు ఉంటే చాలదు, అనుమతి పొందిన ప్లానులో ఉండాలి.

* కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా వేసినప్పుడు ప్రజల అభ్యంతరాలు అడుగుతారు. మన వీధికి బడి కావాలన్నా, పార్కు కావాలన్నా రాసివ్వాల్సింది అప్పుడే. పట్టణ పాలన గురించి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. మున్సిపాలిటీల్లో ఆడవాళ్ళకి కనీసం మూడోవంతు సీట్లు ఇచ్చింది అదే. మన వార్డు కౌన్సిలరు ఆడమనిషైతే ఇంకేం, నలుగురూ కలిసి వెళ్ళి అడగండి.

ఇక మా పక్కింటి పిల్ల సంగతి. వాళ్ళ నాన్నగారు ముందు ఒప్పుకోలేదు. వదినగారు ఏమీ వాదించలేదు. ఓ ఆదివారం కాఫీ అయ్యాక స్థలం కాగితాలు తెచ్చి ఆయన ముందు పెట్టి, "దీని ప్లాను మన ఇద్దరం చదవలేకపోయాం. దాన్నైనా చదవనివ్వండి" అన్నారట. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదట. ఆ తర్వాత "దరఖాస్తుకి ఆఖరు తేదీ ఎప్పుడు?" అని అడిగారట.

ఇప్పుడా పిల్ల మొదటి ఏడాది చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు మా వీధి కొలుస్తానని టేపు పట్టుకుని బయల్దేరింది. ఓ కొస పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నారు? వాళ్ళ నాన్నగారే!

మీ అమ్మాయి కూడా రేపు ఇలాంటి కొత్త పేరేదైనా చెబితే, 'అదేం చదువే?' అని కొట్టిపారేయకండి. పక్కన కూర్చోబెట్టుకుని 'ఏదీ, చెప్పు' అనండి. ఏమంటారు?